కిందికి చూసేటోడు

ఇబ్రహీంపట్నం మండలంలో ఒక పొలం, కూలిన కాకర పందిరి పక్క. వీరస్వామి, అతని తమ్ముడు ప్రభుదాస్ రెండేళ్ల తర్వాత నోరు విప్పి మాట్లాడుకుంటున్నారు, విప్పినందుకు ఇద్దరిలో ఒక్కరికీ సంతోషం లేదు. వీరస్వామి భార్య యాదలక్ష్మి మధ్యలో నిలబడింది.

"ఆడనే ఆగు. గా గట్టు దాటి అడుగు వెయ్యకు చెప్తున్న. ఏం చెప్పాలన్నా ఆడికెళ్లే చెప్పు."

"అన్నా, జర నా మాట ఇను..."

"అన్న గిన్న అనకు. కోర్టుల నామీద కేసు ఏసిన్నాడు నేను నీకు అన్ననైతినా? వీరస్వామి అను. జడ్జి ముంగట గట్లనే అన్నవ్ గదా."

"గిప్పుడు గా పంచాది ఎందుకు?"

"ఎందుకా? నువ్వు మీదికెళ్లి నాలుగు టన్నుల ఇనుము నా నెత్తి మీదికి ఇడుస్తవ్, నేను పంచాది తియ్యద్దా?"

"నెత్తి మీదికి కాదు. పొలంలకు."

"ఇన్నవా యాదీ? పొలంలకంట! వీనికి పొలమంటే మన్ను. అమ్ముకునేటోనికి మన్నే అయితది. కాకర పందిరి మొత్తం పాయె. కొట్టం పాయె. బోరు మోటరు చూడు, కుక్క నమిలిన చెప్పు లెక్క అయింది. బర్రె సచ్చింది రా. సూడి బర్రె. ఇంకో నెలకు ఈనేది."

"బర్రె ముచ్చట పొద్దుగాల సంది పదిసార్లు చెప్పినవ్. జర ఊకో. తమ్మీ, నీకేం తాకలేదు గదా? మంచిగున్నవా?"

"నాకేం కాలే వదినె."

"వానికేం తాకుతది? మీదున్నోనికి ఏం తాకది. తాకేది కిందున్నోనికి."

"నష్టం మొత్తం కంపెనీ కట్టిస్తది. నేను దగ్గరుండి ఇప్పిస్త."

"నీ కంపెనీని నువ్వే ఉంచుకో. నేనడిగేది ఒక్కటే. దానికి జవాబు చెప్పు. కొంగరకలాన్ కాడ లేసింది హెలికాప్టర్. పోవాల్సింది నల్లమలకు. నడుమ ఎంత జాగ ఉంది! చెరువుంది. గుట్టలున్నయి. పడావు పడ్డ ప్లాట్లు ఎన్నున్నయో ఆ దేవునికే ఎరుక. గవన్నీ ఇడిచిపెట్టి, సూది పెట్టి గుచ్చినట్టు నా రెండెకరాలల్లనే ఎట్ల పడ్డది?"

"ఇంజను బందయింది అన్నా. ఉన్నయి రెండు. అండ్ల ఒకటి ఆగిపోయింది."

"ఇంకోటి ఉంది గదా!"

"ఉంటే? రెండెడ్లు గుంజే బండిని ఒక్క ఎద్దు ఎంత దూరం గుంజుతది? మీద రెక్క తిరిగితేనే అది లేస్తది. రెక్క మెల్లగయిందంటే అది హెలికాప్టర్ కాదు, ఉత్త రాయి. కింద తాడుకు టవర్ ఇనుము ఏలాడుతుంది. లోపల టవర్లు ఎక్కే జార్ఖండ్ పిలగాండ్లున్నరు. ఇనుము ఇడువకుంటే అందరం దానెంబడే కిందికి వస్తుంటిమి."

"బస్సును మింగేటంత హెలికాప్టర్ అని ఊరంత తిరిగి చెప్పుకున్నవ్. గంత పెద్దది గింతకే ఆగమైతదా?"

"గంత పెద్దది కాబట్టే. అది కూలితే నీ పొలం ఒక్కటే పోదు. సగం ఊరు పోతుండె."

"అవ్ అయ్యా, మా మీదికెళ్లే పోయింది. చర్చి రేకులు గడగడ ఊగినయ్. పాస్టరు ప్రార్థన నడుమల ఆపిండు. మేం మొగులు ఉరిమిందనుకున్నం."

"నువ్వు నడుమల రాకు యాదీ. వాడు చెప్పనీ. చెప్పు, ఇంజను బందైతే ముందుగాల ఏం చేస్తరు?"

"ఏ ఇంజను పోయిందో ముందు తేల్చుకోవాలె. పైలట్ హరీశ్ సార్ ఎడమది అన్నడు. పక్క సీట్లున్నోడు మీటరు ముల్లు చూసి, అవ్ ఎడమదే అన్నడు. ఇద్దరు చూసి ఇద్దరు నోటితోని అన్నంకనే దాన్ని బంద్ చేస్తరు. ఆగమాగంల మంచిదాన్ని బంద్ చేసిన్రనుకో, ఇగ చేసేదేం ఉండది."

"మంచిగున్నది. ఇద్దరు చూడాలె, ఇద్దరు చెప్పాలె. మరి ఇనుము ఇడిచేటప్పుడు చూసేదెవడు? నిన్నే. ఎవడు చూస్తడు?"

"అది... దానికి వేరే పద్ధతి ఉంటది."

"ఏం పద్ధతి?"

"గవన్నీ నీకెందుకన్నా? ఎంక్వైరీ సార్ వస్తుండు, ఆయన చూసుకుంటడు. నేనొచ్చింది ఆయన ముచ్చటనే. నువ్వు ఆయనకేం చెప్తవో..."

"ఆ! గిప్పుడు బయటికొచ్చింది. గందుకా వచ్చినవ్? నేను బర్రె కోసం పలకరియ్యనీకె వచ్చినవనుకున్న."

"ఊరికెళ్లి బాలేషన్న ఫోన్ చేసి చెప్పిండు. నేను కావాలని నీ పొలం మీద ఏసిన అని నువ్వు పంచాయతీ ఆఫీసు ముంగట అందరికి చెప్పినవంట."

"చెప్పిన. ఎంక్వైరీ సార్‌కు గూడ చెప్త. నీ వాటా ప్లాట్లోళ్లకు అమ్ముకున్నవ్. నా వాటా నడుమకెళ్లి రోడ్డు కావాలన్నవ్. ఇయ్యనన్న. కోర్టుకు గుంజినవ్. ఆడ తెగుతలేదని మీదికెళ్లి ఇనుము ఏసినవ్. ఇండ్ల సమజ్ గాందేముంది? చిన్న పోరడు గూడ చెప్తడు."

"అన్నా! రోడ్డు కోసం నేను హెలికాప్టర్ ఇంజను బంద్ చేస్తనా? ఏం మాట్లాడుతున్నవ్?"

"ఇంజను నువ్వు బంద్ చేసినవని నేనన్ననా? బందయినప్పుడు నీకు నా పొలం యాదికొచ్చింది. గదీ నేను అనేది."

"నువ్వు గట్ల చెప్తే నా లైసెన్సు పోతది. పోలీసు కేసైతది. నన్ను లోపలేస్తరు అన్నా. ఉత్త నౌకరి పోవుడు కాదు, జైలు."

"మరి చెప్పు, చూసేదెవడు?"

"నేను."

"ఏందీ?"

"నేనే చూస్త. పైలట్‌కు కింద కనపడది. హెలికాప్టర్ కడుపుల చిన్న తలుపు ఉంటది. నేను నడుముకు పట్టా కట్టుకొని బోర్ల పండుకొని అండ్లకెళ్లి కిందికి చూస్త. ఎడమకు పో, కుడికి పో, జర పైకి లేపు, అన్నీ నేనే చెప్పాలె. నా నౌకరే గది. ఇనుము ఇడవాల్సొస్తే కింద మనుషులు లేరా అని ఆయన అడుగుతడు. లేకపోతే నేను క్లియర్ అంట. నేను గా మాట అననిది ఆయన బటన్ ముట్టడు. మా కాడ గదే కట్టుబాటు."

"అంటే నా పొలం మీద ఇడువుమని చెప్పింది నువ్వే. నోట్ల బెల్లం పెట్టుకున్నవా? చెప్పు."

"అవ్. నేనే చెప్పిన. ఎడమకు తిప్పుమన్న. నీ పందిరి మీదికొచ్చినంక క్లియర్ అన్న. ఆ మాట హెలికాప్టర్ డబ్బాల రికార్డయి ఉంది. నా గొంతే."

"ఇన్నవా యాదీ? ఇన్నవా? వీడు కావాలనే ఏసిండని అంటే నన్ను తిట్టినవ్. సొంత తమ్మున్ని గట్ల అంటరా అని మూడు దినాలు నాకు సక్కగ అన్నం పెట్టలే. ఇప్పుడేమంటవ్?"

"తమ్మీ... నిజంగనే నువ్వే చెప్పినవా?"

"వదినె, కుడి దిక్కు ఇండ్లున్నయి. ముంగట రోడ్డు, బస్సులు పోతున్నయి. ఎడమ దిక్కు అన్న పొలం. ఎంత టైముందనుకున్నవ్? ఒక్క గుటక మింగేంత. గంతల ఊరు చుట్టుముట్టు మనిషి లేని జాగ ఏదో చెప్పాలె నేను. అండ్ల ఆదివారం. అన్న చర్చిల ఉంటడు. ఆదివారం పొద్దుగాల వీరస్వామన్న చర్చిల ఉంటడని నల్లమలల చెంచోళ్లను అడిగినా చెప్తరు. బాపు సచ్చిన వారం గూడ నిలవడి పాట ఎత్తిండు. గా నమ్మకం మీద అన్న. గంతే."

"నమ్మకం! నా మీద!"

"నీ మీదనే."

"ఏ కాలం ముచ్చట చెప్తున్నవ్ రా? నేను చర్చి గడప తొక్కక రెండేండ్లాయె. ఎందుకని అడుగవా?"

"ఎందుకు?"

"నేను చెప్త తమ్మీ. నువ్వు కేసు ఏసినంక వచ్చిన మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉండె. పాస్టరు ఎప్పటి లెక్కనే అన్నడు, అన్నదమ్ముల మీద కోపమున్నోళ్లు రొట్టె ముట్టొద్దు, ముందు పోయి రాజీపడి రాండ్రి అని. ఎవలు లేస్తరు? ఎవలు లేవలే. అత్తతోని మాట్లాడని కోడండ్లు తిన్నరు, గట్టు పంచాదిల తలకాయలు పగులగొట్టుకున్నోళ్లు తిన్నరు. మీ అన్న ఒక్కడే లేసి బయటికొచ్చిండు. గప్పటి సంది పోతలేడు. పిల్లలు రమ్మన్నా పోడు."

"అందరు అబద్ధం తింటున్నరని నేను గూడ తినాల్నా? నాకు వీని మీద కోపముంది. ఉన్నదాన్ని లేదని చెప్పి దేవుని ముంగట నోరు తెరువాల్నా? నాతోని కాదు."

"తమ్మీ, నువ్వు అడుగు మీ అన్నను. మరి ఆదివారం ఎక్కడుండెనో అడుగు. నేను అడిగితే మీద పడుతడు."

"దాచుడేం లేదు. నేనే చెప్త. గిక్కడనే ఉన్న రా ప్రభుదాసూ. కొట్టం ముంగట. బర్రెకు పచ్చగడ్డి ఏస్తున్న. నువ్వు మనిషి లేని జాగ అంటున్నవే, గా జాగల."

"అయ్యో దేవా, ఎట్ల బతికినవో! నేనొచ్చేవరకు అంత దుమ్మే. కొట్టం పడ్డ కాడ మనిషికి మనిషి కనవడలే."

"కాల్వ దగ్గరుండె గాబట్టి సరిపోయింది వదినె. కాల్వల దునికిండు..."

"ఏమన్నవ్?"

"ఏం లే. దేవుని దయ అంటున్న."

"కాదు. కాల్వ అన్నవ్. నేను కాల్వల దునికిన అన్నవ్. నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో... వదినెనే చెప్పింది ఫోన్ల."

"నేను చెప్పలే తమ్మీ. నేనెట్ల చెప్త? నాకే తెల్వది. మెట్ల మీద జారిన అన్నడు నాకు. గా మోచెయ్యి కట్టు ఏందయ్యా అంటే మెట్ల మీద జారిన అన్నడు."

"నేను ఎవ్వలికి చెప్పలే. నా పెండ్లాంకు చెప్పలే. ఊర్ల ఒక్కనికి చెప్పలే. మూడు దినాల సంది ఎంక్వైరీ సార్ మొఖం మీద చెప్దామని కడుపుల పెట్టుకొని కూసున్న. నేను కాల్వల దునికినట్టు నాకెరుక, ఆ కాల్వకెరుక. నీకెట్ల ఎరుక? ప్రభుదాసూ, నన్ను చూసినవ్."

"అన్నా..."

"చూసినవా లేదా?"

"చూసిన."

"క్లియర్ అననీకె ముందు చూసినవా, ఎనక చూసినవా?"

"ముందే."

"నేనని గుర్తువట్టినవా?"

"నువ్వు తువ్వాల ఊపుతున్నవ్. నేను గుర్తువట్టనా?"

"నీ హెలికాప్టర్ అని ఊపిన రా! నీ మొఖం చూడొద్దనుకున్నోన్ని, గా చప్పుడు ఇనంగనే చెయ్యి దానంతట అదే లేసింది. తువ్వాల తీసి పిచ్చోని లెక్క ఊపిన. నీ బుద్ధి తక్కువ అన్న కింద చెయ్యి ఊపుతుండంగ నువ్వు మీద పండుకొని ఎవ్వలు లేరన్నవా!"

"నీ నోట్ల మన్నువడ! నీ కోసం పొద్దుగాల సంది ఈయనతోని కొట్లాడుతున్న. నీకేం తాకలేదు గదా అని అడిగిన. నా నోరు పడిపోను! తోడబుట్టినోని మీద ఇనుము ఇడువుమని చెప్పనీకె నీకు నాలికెట్ల తిరిగింది? నా పిల్లలకు తండ్రి లేకుంట చేద్దామనుకున్నవా? ఫో! ఫో ఈడికెళ్లి!"

"పోత వదినె. ఒక్క మాట చెప్పి పోత."

"ఒక్కటొద్దు, సగం వద్దు. నీ మాటలు చాలు."

"నువ్వు ఆ గడియల ఏడున్నవ్ వదినె?"

"ఏడుంట? చర్చిల ఉన్న. చెప్పిన గదా."

"పిల్లలు?"

"పక్కల్నే ఉన్నరు. ఏం అడుగుతున్నవ్?"

"ఇనుము చర్చి మీద ఊగుతుండె. ఇంజను పోయినప్పుడు సరింగ చర్చి మీదున్నం. బరువు ఊగుడు వెట్టింది. అది ఊగితే హెలికాప్టర్‌ను గూడ ఎంబడి గుంజుతది. కిందికి దిగుతున్నం. హరీశ్ సార్ అరుస్తుండు, జల్ది చెప్పు, జల్ది చెప్పు, ఇంక మోస్తలేదు అని. నేను అడ్డం పండుకొని చూస్తున్న. నా మొఖం కింద ఇనుము, ఇనుము కింద రేకులు. వాకిట్ల మొత్తం చెప్పులు. పెద్దయి, చిన్నయి. రేకుల కింద ఎవలెవలున్నరో నాకు కనవడకున్నా ఎరుక. నువ్వు కిటికి పక్క కూసుంటవ్. పిల్లలు నీ ఒళ్లె. ఎడమ దిక్కు చూసిన. పొలంల ఒక్కడున్నడు. తువ్వాల ఊపుతుండు. మా పద్ధతి ప్రకారం మనిషుంటే క్లియర్ అనొద్దు. మనిషున్నడు అని అనాలె. అంటే హరీశ్ సార్ బటన్ ముట్టడు. ఇంకో జాగ చూపియ్యి అంటడు. ఇంకో జాగ చూపిచ్చేదాంక మేం ఆ రేకుల మీదికే దిగుతుంటిమి."

"గందుకని నన్ను సంపుదామనుకున్నవ్."

"అవ్."

"అవ్ అంటున్నడు చూడు యాదీ! సిగ్గు లేకుంట!"

"అబద్ధం ఆడొద్దంటవ్ గదా. ఆడుతలేను. ఇంకొకటి గూడ చెప్త, ఇని నన్ను తన్నాలనిపిస్తే తన్ను. గా పొలంల పరాయోడు ఉంటే నా నోటికెళ్లి ఆ మాట రాకపోవు. కూలోడో, బాటెంబడి పోయేటోడో ఉంటే నాకు నోరు పెగలకపోవు. వాని ప్రాణం తీసుకొమ్మని చెప్పనీకె నేనెవన్ని? నువ్వని గుర్తువట్టిన. గుర్తువట్టినంకనే మాట బయటికొచ్చింది."

"అంటే నా పానం నీకు గంత అగ్గువనా రా?"

"అగ్గువ కాదు. నా సొంతం అనుకున్న. అడుగకుంట నీ అంగి తొడుక్కోని పోయేటోన్ని, అడుగకుంట నీ సైకిల్ తీస్కపోయేటోన్ని. గట్లనే తీసుకున్న. కింద నేనుంటే నా మీద గట్లనే ఇడువుమని అందును. రెండేండ్ల సంది నీతోని మాటల్లేవు, కేసుంది, రోడ్డు పంచాది ఉంది, ఆ గడియల గవేం యాదికి రాలే. మా అన్న ఉన్నడు, మా అన్నను అడుగొచ్చు అనిపిచ్చింది. అడుగనీకె టైం లేదు. క్లియర్ అన్నంక నేను కండ్లు మూసుకోలే. చూస్తనే ఉన్న. నువ్వు తువ్వాల ఇడిచిపెట్టి కాల్వ దిక్కు ఉరికినవ్. దునికినవ్. గంతల దుమ్ము లేసింది. ఇగ ఏం కనవడలే. హరీశ్ సార్ ఒక్క ఇంజను మీద దాన్ని మెల్లగ ఎండిన చెరువులకు తీస్కపోయి దింపిండు. దిగంగనే నీకు ఫోన్ చేసిన. పోతలేదు. నా నంబరు నువ్వు బంద్ పెట్టుకున్నవ్. మల్ల చేసిన. మల్ల చేసిన. ఆఖరికి మన ఊరి హన్మంత్‌కు చేస్తే, బర్రె ఒక్కటి సచ్చింది, మనుషులకు ఏం కాలేదన్నడు. అక్కడనే మన్నుల కూలవడి ఏడ్సిన. అందరు భయపడ్డడనుకున్నరు."

"ఏడ్సినవా? ఏడిస్తే సరిపాయెనా? నాకు నిద్రల గా ఇనుమే కనవడుతుంది. ఆకాశంకెళ్లి వస్తనే ఉంటది, కింద పడది. నువ్వు ఏడ్సినవని నా కోపం పోవాల్నా?"

"పోవాలని నేనంటలేను."

"పోదు!"

"పోకున్నా మంచిదే."

"ఏమయ్యా... కిటికి పక్కనే కూసున్నం. చిన్నది నా ఒళ్లె పండింది. మీద రేకులు ఊగినయ్."

"నాకు చెప్తవేందే? నాకు తెల్వదా నువ్వేడ కూసుంటవో?"

"గది కాదు. ఇనుము మా మీదనే ఉండెనంట."

"ఇన్న. ఇన్న! నాకు చెవులున్నయి."

"అన్నా, నేనొక తప్పు చేసిన. నిన్ను ఆపనీకె వచ్చిన. ఎంక్వైరీ సార్‌కు ఏం చెప్పకు అని కాళ్లు వట్టుకుందామని వచ్చిన. ఇప్పుడు ఆపను. ఉన్నదున్నట్టు చెప్పు. నేను చూసిన, చూసి క్లియర్ అన్న. నువ్వు చెప్పకుంటే నువ్వు అబద్ధమాడినోనివైతవ్. నా కోసం నువ్వు గా పని చెయ్యకు."

"నీ కోసం చేసేటోడెవడు? నువ్వు నాకు చెప్తవా ఏం చెయ్యాలెనో? మీదికెళ్లి చెప్పిన కాడికి చాలు."

"ఏమయ్యా, జీపొస్తుంది. గా సారేనా?"

"ఆయనే. రమాకాంత్ సార్."

"నువ్వు గా పందిరి రాళ్ల కాడ నిలవడు. నోరు తెరిచినవంటే బాగుండది. యాదీ, నువ్వు గూడ. సార్, నమస్తే. జర చూసి రాండ్రి, తీగలున్నయి, కాళ్లకు తట్టుకుంటయి."

"నమస్తే. వీరస్వామి గారు మీరేనా?"

"నేనే. ఈమె నా భార్య."

"మీకు చాలా నష్టం జరిగింది. బర్రె కూడా చనిపోయిందని విన్నాను. నేను ఎక్కువసేపు విసిగించను. హెలికాప్టర్‌లో రికార్డయిన మాటలు విన్నాం. కింద క్లియర్ అని మీ తమ్ముడు చెప్పాడు. నిజంగా క్లియర్‌గా ఉంటే ఆయన తన పని తాను చేసినట్టు. కింద మనిషి ఉండి కూడా ఆ మాట అంటే మాత్రం అది వేరే సంగతి. చాలా పెద్ద సంగతి. అర్థమైంది కదా?"

"అయింది."

"మీ తమ్ముడు కావాలనే మీ పొలం మీద వేశాడని మీరు ఊళ్లో అన్నారట?"

"అన్న సార్. కోపంల అన్న. కోర్టుల కేసు నడుస్తుంది మాకు. బర్రె సచ్చింది గదా, నోటికొచ్చింది అన్న."

"ఇప్పుడు కోపం పోయిందా?"

"పోలే సార్. ఎట్ల పోతది? పోదు."

"సరే. అమ్మా, ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"చర్చిల ఉన్న సార్. పిల్లలతోని."

"మీరు వీరస్వామి గారూ?"

"ఆదివారం పొద్దుగాల నేను ఏడుంట సార్? చర్చిల ఉన్న."

"ఆ చేతికి కట్టు?"

"మెట్ల మీద జారిన."

"అంటే అప్పుడు పొలంలో ఎవరూ లేరు."

"ఎవ్వలు లేరు."

"ఒక్క మాట, ఏమీ అనుకోకండి. మీరు ఇక్కడ లేరు, చర్చిలో ఉన్నారు. మరి ఇక్కడ ఎవరూ లేరని అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"మావోడు మీదికెళ్లి చూసిండు గదా సార్. వాడు చూడకుంట చెప్పడు."